తొమ్మిదో నంబరు సీసా

మా మామ దగ్గర మార్కులు రాబట్టుకోవడం మామూలు విషయం కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఆయన ముప్పై ఏళ్లకు పైగా చెరుకు రసానికి మార్కులు వేశాడు. సంబంధం మాట్లాడటానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, మా అమ్మ ఇచ్చిన టీ ఒక్క గుక్క తాగి, "పాలు పొద్దటియి, బెల్లం నిరుటిది" అన్నాడు. మా అమ్మ ఆ మాటను ఇప్పటికీ మనసులో పెట్టుకుంది. నా గురించి మాత్రం ఆయన ఏమీ అనలేదు. పిల్లనిచ్చాడు కాబట్టి పాసయ్యాననే అనుకుంటున్నాను.

అలాంటి మనిషి డెబ్బై ఏళ్లు దాటాక ఇంగ్లండు బీరు సీసాలకు మార్కులు వేయడానికి కూర్చున్నాడు. ఆ పరీక్షలకు గుమాస్తాను నేను. రిజిస్టరు ఇప్పటికీ ఉంది. అందులో ఒక వరుస తప్ప మిగతాదంతా చూసి ఇప్పటికీ నవ్వుకుంటాం.

సీసాలు ఎక్కడివో ముందు చెప్పాలి. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో నాదొక జిరాక్స్ దుకాణం. రెండు కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకు చదువుల ఫారాలు, వీసా ఫారాలు నింపిపెడతాను. ఇంగ్లండు పోయిన పిల్లలు సెలవులకు వస్తే మరిచిపోకుండా చాక్లెట్లు తెచ్చిస్తారు. నాకు షుగరు. ఒకసారి ఒక అమ్మాయి, "అంకుల్, మళ్ల వచ్చేటప్పుడు మీకేం తేవాలె?" అని అడిగితే తమాషాకు, "అక్కడి బీరేదన్న తేరాదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నిజంగానే తెచ్చింది, స్వెటర్లో చుట్టి. ఆ సంగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో పడింది. ఇక చూసుకోండి, రెండేళ్లలో పన్నెండు సీసాలు పోగయ్యాయి. చాక్లెట్లో షుగరుంటే బీరులో ఉండదా అని మా ఆవిడ అడిగింది. కెమిస్టు కూతురు కదా, అలాంటివే అడుగుతుంది.

అవి మన వైన్సుల్లో దొరికే పల్చటి పసుపుపచ్చ బీర్లు కావు. వాటిని ఏల్ అంటారట. ఒకటి తేనె రంగు, ఒకటి ఇటుక రంగు, ఒకటి తారు రంగు. లేబుళ్ల మీద ఓడలు, నక్కలు, గుర్రాలు, గడ్డం ముసలివాళ్లు. ఒంటరిగా తాగే ధైర్యం లేక మొదటి సీసాను బోధన్ పట్టుకుపోయాను. మామకు చూపిస్తే మర్యాదగా ఉంటుంది, రుచి ఎలా ఉందో తెలిసినవాడు చెప్తాడు అనుకున్నాను.

తెలిసినవాడనడం చిన్నమాట. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బండిలోంచి చెరుకు ముక్క విరిచి నమిలి, "గిది నిజాంసాగర్ కాలువ కిందిది, గిది బోరు నీళ్లది" అని చెప్పేవాడట. పరికరం తర్వాత అదే మాట చెప్పేదట. ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ నాలుకకు పని పోలేదు. ప్రతి సీజనులో బోధన్ బెల్లం సేటు ఒకాయన ఆయన్ను పిలిపించుకుంటాడు. దిమ్మె మూల విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, నోట్లో వేసుకుని మామ తల ఊపితేనే సేటు సరుకు కొంటాడు. ఆ సీజను ఉన్నన్నాళ్లూ మామ ఇస్త్రీ చొక్కాలు వేసుకుంటాడు. బజారులో నలుగురూ నమస్తే పెడితే తిరిగి పెట్టడానికి కొంచెం ఆలస్యం చేస్తాడు. ఆయనకున్న ఆస్తి ఇల్లూ కాదు, పింఛనూ కాదు, ఆ నాలుకే.

ఇంట్లో ఆ నాలుకతో కాపురం చేసింది మా అత్త. పెళ్లయిన నాటి నుంచి ఆమె వంటకు ఆయన పెట్టే వంక ఒక్కటే: "ఎల్లిగడ్డ మాడింది." పప్పులో వెల్లుల్లి పోపు బంగారం రంగులో దించినా మాడిందే, ఇంకా ముందే దించినా మాడిందే. మా ఆవిడ చిన్నప్పుడు ఆ మాట వినకపోతే అన్నం మొదలుపెట్టకూడదేమో అనుకునేదట. గత రెండు సీజన్లుగా మా అత్త కూడా సేటు దుకాణానికి ఆయన వెంట పోవడం మొదలుపెట్టింది. మోకాళ్ల డాక్టరు ఆ పక్కనే ఉంటాడని చెప్పేది. "డాక్టరు కోసమా, బెల్లం ముక్కల కోసమా అత్తా?" అని నేను ఆటపట్టిస్తే, "రెండిటికీ" అనేది.

మొదటి సీసాను నేనే పాడుచేశాను. బీరంటే పళ్లు జివ్వుమనాలి కదా, మన దగ్గర ఎవరైనా అదే చేస్తారు. రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టి, తడి తువ్వాలలో చుట్టి బస్సులో తీసుకుపోయాను. డాబా మీద కూర్చుని మామ, అత్త, నేను ముగ్గురం తాగాం. చల్లగా ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియలేదు. మామ భూతద్దం తెచ్చి లేబులంతా చదివాడు. ఫ్రిజ్‌లో పెట్టవద్దనీ, నేలమాళిగలో ఉండేంత చల్లదనంతోనే తాగాలనీ అందులో ఉంది. అద్దం కింద పెట్టి నా వైపు చూశాడు.

"నమూనాను చంపి తెచ్చినవు అల్లుడా. పరీక్ష రద్దు."

మరుసటి ఆదివారానికి ఆయన ఏర్పాట్లన్నీ చేసిపెట్టాడు. బోధన్‌లో నేలమాళిగ ఎక్కడ దొరుకుతుంది? డాబా మీద నీడలో మంచినీళ్ల మట్టికుండ, అదే రంజన్, పెట్టి, దానికి తడి గోనెసంచి చుట్టి, సీసాను ఆ నీళ్లలో దించాడు. ల్యాబు నాటి థర్మామీటరు దారం కట్టి వేలాడదీశాడు. పన్నెండు డిగ్రీలు రావాలన్నాడు. రంజన్ ఒప్పుకోలేదు. కాసేపు బతిమాలి ఇరవై దగ్గర రాజీపడ్డాడు. మల్లెమొగ్గల అట్ట వేసిన పెద్ద రిజిస్టరులో స్కేలుతో గళ్లు గీశాడు: నంబరు, రంగు, నురుగు, వాసన, రుచి, గొంతు దిగినాక, మార్కులు. నియమాలు కూడా చెప్పాడు. ప్రతి సీసాకూ నా దుకాణంలో చేరిన రోజే నంబరు వేయాలి, ఆ నంబరు ఫోనులో ఆయనకు చెప్పాలి. ప్రతి సీసాలోంచి ఒక చిన్న గాజుబుడ్డీడు తీసి, బిరడా బిగించి, చీటీ అంటించి పక్కన పెట్టాలి. దాన్ని నిలవ నమూనా అంటారు. రిజిస్టరులో రాసింది కొట్టేయాల్సి వస్తే రబ్బరు వాడకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి.

"బీరు తాగుడుకు ఇంత ఉన్నదా మామా?" అన్నాను.

"తాగుడుకు లేదు. మార్కులకు ఉన్నది" అన్నాడు.

ఇక మొదటి గుక్క ఎప్పుడూ మా అత్తదే. ఆమె పుట్టిల్లు సిరికొండ వైపు, చుట్టూ ఈతచెట్లు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో కల్లు తాగడం చూసి, తాగి పెరిగిన మనిషి. కల్లులో మందు కలిపారో లేదో బొట్టు నాలుక మీద పెట్టుకుని చెప్పేస్తుంది. ఆ ఇంట్లో ఆమె చూడందే కుండలో గ్లాసు ముంచేవారు కాదట. ఈ అలవాటు ఇంగ్లండు సీసాలకు కూడా వచ్చింది. సీసా మూత తీయగానే ఎల్లమ్మ తల్లికి సాక అని కొంచెం నేల మీద పోయాలి. డాబా మీద నేల లేదు కాబట్టి మల్లెచెట్టు కుండీలో పోసేది. తర్వాత తన చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు తీసుకుని పెద్దగా గొణిగేది. ఆమె గొణుగుడు అయ్యాకే మామ గ్లాసు ఎత్తి, వెలుతురుకు పెట్టి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు.

రెండో సీసా తాగి అత్త, "వేపపుల్ల నమిలి, గదే నోటితోని బత్తాయి తొక్క కొరికినట్టున్నది" అంది. మామ చాలాసేపు కళ్లు మూసుకుని, "రాయి. చేదు ప్రధానం. వెనుక నారింజ జాతి తొక్క. ఆరున్నర" అన్నాడు.

నాలుగోది తారు రంగుది. "మాడిన బెల్లం పెనంల కాఫీ పొడి పడ్డట్టున్నది. అయినా మంచిగనే ఉన్నదే" అని అత్త గ్లాసు రెండోసారి చాపింది. మామ, "మడ్డి గుణం. వేయించిన గింజ. ఏడున్నర" అన్నాడు. మడ్డి అంటే చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం. ఆయన దృష్టిలో అది తిట్టు కాదు.

ఆరోది స్కాట్లాండుది. "థూ, బీడీల కార్ఖానల నోరు తెరుసుకోని పండుకున్నట్టున్నది!" మామ రాయించింది: "పొగ. పొగాకు ఛాయ. మూడు." ఏడోదానికి అత్త పశువుల కొట్టం అంది. దానికి ఒకటిన్నర వచ్చింది. అది తెచ్చిన కుర్రాడి వీసా ఫారం నేను తప్పులు లేకుండా నింపాను, వాడు మాత్రం నాకిది తెచ్చాడు.

నాకు ఒక్కటే విసుగు. ఆయన అంత నిష్ఠగా పరీక్ష చేస్తుంటే ఈమె ముందే అరిచి పాడుచేస్తోందని. "అత్తా, జర ఆయన్ను చెప్పనియ్యరాదు, మీ మాట చెవుల వడితే ఆయన తీర్పు మారుతది" అని ఒకసారి అన్నాను కూడా. ఆమె నన్ను ఒక చూపు చూసి, ఉడికించిన శనగ గుడాలు నా పళ్లెంలో ఇంకొన్ని వేసింది. తింటే నోరు మూసుకుంటానని కాబోలు.

ఇక తొమ్మిదో నంబరు సంగతి. అది ఇటుక రంగు ఏల్, లేబులు మీద నక్క బొమ్మ. నంబరు ఫోనులో చెప్పేశాను. ఆ తర్వాత ఒక సాయంత్రం నా స్నేహితుడొకడు దుకాణానికి వచ్చాడు, మాటల్లో సీసా ఖాళీ అయింది. మర్నాడు పొద్దున గానీ నాకు తెలివి రాలేదు. లెక్క ప్రకారం తొమ్మిదో నంబరు ఆదివారం రంజన్‌లో ఉండాలి. నిజం చెప్పొచ్చు. కానీ నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఎన్నాళ్లుగానో మామ ముందు వంగి వంగి రాస్తున్నాను, ఒక్కసారి ఆయన నాలుకకు నేను పరీక్ష పెడితే? టీ డికాక్షను బాగా కాచి, చల్లార్చి, బెల్లం వేసి, గుడ్డలో వడగట్టి, సోడా కలిపి ఆ సీసాలో పోశాను. మూతను సుత్తితో నొక్కాను. రంగు అచ్చు గుద్దినట్టు కుదిరింది. ఆయన ఒక్క గుక్క తాగి, "ఛాయ్ పత్త రెండో రకం, బెల్లం నిరుటిది" అంటాడు, ముగ్గురం నవ్వుకుంటాం అనుకున్నాను. మా అమ్మకు ఫోను చేసి చెప్పాలని కూడా అనుకున్నాను.

ఆ ఆదివారం అత్త లేదు. సిరికొండలో వాళ్ల తమ్ముడి మనవడి పుట్టువెంట్రుకలకు పోయింది. మా ఆవిడ కూడా వెంట పోయింది. గుడాలు నానబెట్టి పోయింది అత్త, వాటిని కింద పొయ్యి మీద పెట్టి నేను డాబా ఎక్కాను. సాక కూడా నేనే పోశాను. ఎల్లమ్మ తల్లికి టీ పోశానని తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మామ గ్లాసు ఎత్తాడు. వెలుతురుకు పెట్టాడు. తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను నవ్వును పెదవుల వెనక పట్టుకుని కూర్చున్నాను. ఆయన తాగాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు కళ్లు మూసుకున్నాడు. ఒకసారి మెట్ల వైపు చూశాడు, ఎవరో రావాల్సి ఉన్నట్టు.

"రాయి అల్లుడా. రంగు ఎర్రమట్టి. నురుగు తక్కువ. వాసన..." అని ఆగాడు. "వాసన ఘనం. కాలిన బెల్లం. మంచి గింజ. ఎనిమిది."

ఎనిమిది! అప్పటిదాకా ఏ సీసాకూ రాని ఎనిమిది నా టీకి వచ్చింది. నవ్వడానికి నోరు తెరిచేలోపు ఆయన ఫోను మోగింది. బెల్లం సేటు. ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడటం మామకు అలవాటు. ఈసారి సరిహద్దు అవతల మరాఠీ ఊళ్లలో బెల్లం బట్టీలు తిరిగి అక్కడికక్కడే కొందామని, వారం రోజులు జీపులో పోవాలని, వచ్చే ఆదివారం తానే ఇంటికి వచ్చి తీసుకుపోతానని సేటు చెప్పాడు. "ఈసారి సరుకు మొత్తం నీ నాలుక మీదనే, సాబ్" అన్నాడు. "వస్త సేటు" అన్నాడు మామ, వీపు నిటారుగా పెట్టి.

అప్పుడే నాకు మాడు వాసన వచ్చింది. గుడాలు. మెట్ల మీదుగా పొగ కూడా పైకి వస్తోంది. మామ మెట్లకు నాకన్నా దగ్గరగా కూర్చున్నాడు. నా కళ్లు మండుతున్నాయి. ఆయన మాత్రం గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, తృప్తిగా ఒకసారి పీల్చాడు.

కిందికి పరుగెత్తి పొయ్యి ఆర్పాను. గిన్నె అడుగు నల్లగా అంటుకుపోయింది. దాన్ని పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. టీని టీ అనలేకపోవడం, మెట్ల వైపు చూడటం, అత్త ముందు గొణిగితేనే ఈయన కళ్లు మూసుకోవడం, మోకాళ్ల డాక్టరు, అన్నీ ఒక్కసారే తెలిశాయి. ఈ మనిషికి వాసన లేదు. తీపి, చేదు తప్ప నాలుక మీద ఇంకేమీ మిగల్లేదు. ఆ నాలుకను నమ్ముకుని వచ్చే వారం ఒంటరిగా జీపెక్కబోతున్నాడు. మొదటి బట్టీలోనే తెలిసిపోతుంది, బోధన్ బజారు మొత్తానికి తెలిసిపోతుంది.

"ఏమైంది అల్లుడా?" అని పైనుంచి కేక.

"ఏం లేదు మామా. తలుపు కొట్టుకుంటున్నది."

పైకి వెళ్లి రిజిస్టరులో ఎనిమిది అని రాశాను. అంత సిగ్గుతో నేను ఏ అంకెనూ రాయలేదు.

బుధవారం దుకాణం మధ్యాహ్నానికే మూసి, ఒక సంచి బత్తాయిలు కొనుక్కుని బోధన్ బస్సెక్కాను. మామ బజారుకు పోయాడు. అత్త పెరట్లో ఆ గిన్నెనే తోముతోంది. నన్ను చూసి, గిన్నెను చూసింది.

"నీకు ఎరికయ్యిందా?" అంది.

నేను తలూపి, టీ సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె పీచు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"కరోనా జరం వచ్చినప్పుడు పోయింది. అందరికీ పోయె, అందరికీ మళ్లొచ్చె. ఈయనకు రాలె."

"మీకు చెప్పిండా అత్తా?"

"ఆయన చెప్తడా? ఒకనాడు పప్పుల పోపు నిజంగనే మాడింది. ఎల్లిగడ్డ నల్లగ బొగ్గయింది. పారబోద్దామనేలోపల వచ్చి పళ్లెం ముంగట కూసుండె. ఏం జేస్త, పెట్టిన. తిన్నడు. మంచిగున్నదన్నడు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కనాడన్న మంచిగున్నదంటడేమోనని కాపురానికొచ్చిన కాడికెల్లి సూసిన. అన్ననాడు పొయ్యి కాడ కూసోని ఏడ్సిన."

పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"గప్పటిసంది నేను పెద్దగ గొణుగుడు మొదలువెట్టిన. ఆయన వినుడు మొదలువెట్టిండు. గంతే. ఆయన చెప్పలే, నేనడగలే."

"అంటే ఆ సీసలకు మార్కులు..."

"నేనే. నేను ఎంత గట్టిగ తిడితే గంత తక్కువేస్తడు" అంది, కొంచెం గర్వంగానే. నా రిజిస్టరు నిండా నేను ఒద్దికగా రాసుకున్న శాస్త్రమంతా ఈమె తిట్లని అప్పుడు తెలిసింది. తర్వాత ఆమె ముఖం మళ్లీ చిన్నబోయింది. "సేటుతోని వారం పోతే ఎట్ల, గదే సమజైతలేదు. జీపుల మొగోళ్ల నడుమ నన్నెట్ల తీస్కపోతరు?"

"సేటుకు నేను చెప్పాల్నా?"

"నువ్వు చెప్పకు. నేను చెప్ప. ఆయన పేరు ఆయనది. చెప్తే ఆయనే చెప్పుకోవాలె."

ఆదివారం పదో నంబరు సీసా సంచిలో పెట్టుకుని మా ఆవిడతో కలిసి వెళ్లాను. తల్లీకూతుళ్లు వంటింట్లో ఉన్నారు, పోపు చిటపటలాడుతోంది. నేను డాబా ఎక్కాను. రిజిస్టరు తెరిచి ఉంది. దాని పక్కన తొమ్మిదో నంబరు నిలవ నమూనా బుడ్డి. అడుగున సన్నటి టీపొడి పలచగా పేరుకుంది, పైన బూజు కట్టింది. రిజిస్టరులో నా ఎనిమిది మీద ఒక్క గీత. కింది అంకె స్పష్టంగా కనబడుతోంది. పక్కన ఆయన చేతిరాత:

"నమూనా తప్పు. పరీక్షకునికి వాసన తెలియదు." కింద సంతకం, తేదీ.

వెనక చెప్పుల చప్పుడైంది. మామ, ఇస్త్రీ చొక్కాలో.

"నిలవ నమూనా ఎందుకు పెడ్తరో చెప్పిన్నా నీకు?"

"లేదు మామా."

"అనుమానమొస్తే మళ్ల సూసుకోనీకె. నాకు బుధవారం అనుమానమొచ్చింది. పని లేకున్న వచ్చినవు. మీ అత్తకు బత్తాయిలు తెచ్చినవు. ఇన్నేండ్లల ఎన్నడన్న తెచ్చినవా?"

"తప్పయ్యింది మామా" అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "నీ ఛాయ్‌ల బెల్లం ఎక్కువైంది. గదొక్కటే తెలిసింది నాకు" అన్నాడు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. అంతలో కింద జీపు ఆగింది.

మేం కిందికి దిగేసరికి సేటు లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. మాట్లాడుతూనే జేబులోంచి కాగితం పొట్లం తీసి, బెల్లం ముక్క మామ చేతిలో పెట్టాడు, ఇది చూడు సాబ్ అని. మామ దాన్ని విరవలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్త చేతికి ఇచ్చాడు.

"సేటు, నాకు వాసన తెలుస్తలేదు. జరమొచ్చినసంది లేదు. రెండు సీజన్లు నీ బెల్లం సూసింది ఈమె. నేను తల ఊపిన, గంతే."

సేటు మామను చూశాడు, తర్వాత అత్తను చూశాడు. అత్త ముక్క విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, అంచు కొరికింది.

"పాత బెల్లం. కరగబెట్టి మళ్ల పోసిండ్రు. కొనకు" అంది.

సేటు మిగిలిన ముక్క తీసుకుని పొట్లం కట్టుకున్నాడు. కట్టడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపే పట్టింది. "రెండు సీజన్లు నాకు నష్టం రాలేదు" అన్నాడు చివరికి. "జీపుల ముగ్గురం పడతమా, వహినీ?" మరాఠీ ఇళ్లలో వదినను అలా పిలుస్తారు. అంతకుముందు ఆయన ఆమెను ఏమనీ పిలవగా నేను వినలేదు.

"ముంగట సీటు నాది. మోకాళ్లు" అంది అత్త.

అందరం అన్నానికి కూర్చున్నాం. వేడివేడి పప్పు, అందులో ఎల్లిగడ్డ. మామ ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కలిపి ఆగాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎట్లున్నదే పప్పు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్త ఆయన పళ్లెంలోంచే కొంచెం తీసుకుని నోట్లో వేసుకుంది. ల్యాబు మనిషిలా కళ్లు మూసుకుంది.

"ఎల్లిగడ్డ మాడింది" అంది.

మామ తల ఇంకా కిందికి దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనే అనుకున్నాను, కళ్లు తుడుచుకునేదాకా. "నేను గట్లనే అనుకున్న" అన్నాడు. "ఎన్ని?"

"ఆరు."

"రాయి అల్లుడా."

నా పళ్లెంలో ఎల్లిగడ్డ బంగారం రంగులో ఉంది. ఎక్కడా మాడలేదు. చేయి కడుక్కుని డాబా ఎక్కి, పప్పుకు ఆరు అని రాశాను.